పాల సెంటరు మబ్బు

తెల్లవారి పుంగనూరు పాల సెంటరు తలుపు తీయగానే వరలక్ష్మి తల పైకెత్తి అటక వైపు చూసేది. చీపురు పట్టడం, గడప ముందు నీళ్ళు చల్లడం ఆ తర్వాతే. అటక మీద మబ్బు కనిపిస్తే "లేచినావా" అని పలకరించేది. లేకపోతే పాల క్యాన్ల వెనక వెతికేది. ఎండలు ముదిరాక అది క్యాన్ల మీదికి దిగి, వాటిని కావలించుకున్నట్టు పడుకునేది. దాన్ని మెల్లగా పక్కకి జరిపి, తడిసిన చేతులు కొంగుకి తుడుచుకుని వరలక్ష్మి పని మొదలుపెట్టేది.

మబ్బు పెద్దదేం కాదు. ఇద్దరు పడుకునే పరుపంత ఉంటుంది. వానలు బాగా పడిన చివరి ఏడు, హార్స్లీ హిల్స్ నుంచి మదనపల్లె మీదుగా వచ్చిన బస్సు టాపు మీద కూర్చుని వచ్చిందని అంటారు. లగేజీ టికెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరు కాసేపు తటపటాయించి, తూకానికి రాని వస్తువుకి టికెట్టేమిటని వదిలేశాడట. ఆ కండక్టరుది బైరెడ్డిపల్లె. రిటైరయ్యాక చింతపండు వ్యాపారం పెట్టి బాగా నిలదొక్కుకున్నాడు, ఆ సంగతి వేరు. బస్సు దిగిన మబ్బుకి ఎదురుగా పాల సెంటరు కిటికీ తెరిచి కనిపించింది. లోపలికి వచ్చింది. అంతే.

ఆ తర్వాత పుంగనూరు వైపు వాన సరిగ్గా వచ్చిన ఏడు లేదు. బోర్లు ఒకటొకటే ఎండిపోయాయి. వేరుశనగ వేసినవాళ్ళు విత్తనాలు కూడా వెనక్కి తెచ్చుకోలేకపోయారు. మిగిలింది ఇంటికొక ఆవు, ఆ ఆవిచ్చే పాలు. ఆ పాలని ట్యాంకరు వచ్చేదాకా విరగకుండా కాపాడింది ఈ మబ్బే. ఐసు గడ్డల అవసరం లేకుండా పోయింది. ఊళ్ళో ఎవరూ దాని గురించి ప్రత్యేకంగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. గోడ గడియారం గురించి ఎవరు మాట్లాడుకుంటారు?

రెండువేల రెండో సంవత్సరం వేసవిలో కుప్పంలోని డెయిరీ ఆఫీసు నుంచి సెంటరుకి ఒక కంప్యూటరు వచ్చింది. అంతవరకూ పాల లెక్క ఫోన్లో చెప్పేవాళ్ళు. ఇక మీద సాయంత్రం పాలు కొలిచాక లెక్క మెయిల్లోనే రావాలని, ఆ మెయిల్ చూసుకునే ట్యాంకరుని పంపుతామని మేనేజరు మునిరత్నం కబురు చేశాడు. కుదురుకునేదాకా కొన్నాళ్ళు మాత్రం ఫోను ఒప్పుకుంటామన్నాడు. వరలక్ష్మి ఇంటర్ పాసయింది. భర్త వెంకటేష్ టమోటా లోడు మీద మద్రాసు పోతే వారానికి గానీ తిరిగి రాడు. సెంటరు చూసుకునే ఈ పని ఆమెకి సొంతంగా దొరికిన మొదటి కుర్చీ. కాబట్టి కుప్పంలో శిక్షణ ఇస్తుంటే ముందు వరసలో కూర్చుని నేర్చుకుని వచ్చింది.

కంప్యూటరుతో పాటు మోడెమ్ అని ఒక చిన్న డబ్బా వచ్చింది. ఫోను తీగ ముందు దాంట్లోకి పోయి, దాంట్లోంచి కంప్యూటర్లోకి పోతుంది. మెయిల్ ప్రోగ్రాము తెరిచి 'పంపు' అని నొక్కగానే డబ్బా నంబరు తిప్పుతుంది. అవతల సర్వరు అనే పెద్ద కంప్యూటరు పలుకుతుంది. రెండూ కీచుమని, గరగరమని కాసేపు అరుచుకుంటాయి. కొత్త వియ్యపురాళ్ళు ఎవరి ఊరి గొప్ప వాళ్ళు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. పాలు పోసే ఆడవాళ్ళు దానికి ఈల డబ్బా అని పేరు పెట్టారు.

ఈల ఆగి, సర్వరుతో కలిసిందనుకునే క్షణానికి గదిలో ట్యూబులైటు ఒకసారి మిణుక్కుమనేది. అంతే, మెయిల్ ప్రోగ్రాము మాయమయ్యేది. కంప్యూటరు నిక్షేపంలా ఉండేది. లెక్కలు వేసే ప్రోగ్రాము పనిచేసేది, పేకాట కూడా పనిచేసేది. మెయిల్ ఒక్కటే చచ్చిపోయేది. దాని చోట బూడిద రంగు పలక ఒకటి వచ్చి ఏదో ఇంగ్లీషులో చెప్పేది.

"ఏమని రాసిందమ్మీ?" అంది గౌరమ్మ మొదటి రోజు, చెంబు పట్టుకుని తొంగిచూస్తూ. గౌరమ్మకి ఉన్నది ఒక్కటే పుంగనూరు పొట్టావు. దాన్ని చంటిపిల్లని మాట్లాడించినట్టు మాట్లాడిస్తుంది.

"ప్రోగ్రాము చట్టం ఒప్పుకోని పని చేసిందంట అత్తా. అందుకని మూసేస్తాండారంట."

"దొంగసారా కాసిందేమో" అంది వెనకనుంచి మంగమ్మ.

అందరూ నవ్వారు. వరలక్ష్మి కూడా నవ్వింది. మూడో వారానికి ఆ నవ్వు పోయింది.

మదనపల్లెలో టమోటా మార్కెట్టు దగ్గర రాజేంద్ర అనే కుర్రవాడికి కంప్యూటర్ల షాపు ఉంది. వరలక్ష్మి అతనికి ఫోను చేసింది. అతను ఓపికగా ఒక్కొక్కటీ అడిగాడు. సర్వరు పేరు సరిగా కొట్టినావా అక్కా, పాస్‌వర్డు సరిగ్గా ఉండాదా, ఇన్‌బాక్సు నిండిపోయిందేమో సూడు, తీగ ఊడిపోయిందేమో సూడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"పోనీ, రూములో కొత్తగా ఏమన్నా పెట్టినారా అక్కా? పెద్ద ఫ్యాను, మోటరు, అట్లాంటివి?"

వరలక్ష్మి గదంతా కలియజూసింది. క్యాన్లు, కొలపాత్రలు, దేవుడి పటం, అటక మీద మబ్బు.

"కొత్తగా ఏం లేదప్పా. అంతా ఎప్పుడూ ఉండేదే."

"అయితే మిషను ఈడికి తీసుకురా."

కంప్యూటరుని, ఈల డబ్బాని దుప్పట్లో చుట్టి, టమోటా బుట్టలో పెట్టుకుని ఆమె మదనపల్లె బస్సెక్కింది. షాపులో రాజేంద్ర తీగలు తగిలించి నొక్కాడు. ఈల వేసింది, సర్వరుతో కలిసింది, మెయిల్ టక్కున కుప్పం చేరింది. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ చేరింది. ఎందుకైనా మంచిదని ప్రోగ్రాముని తీసేసి కొత్తగా ఎక్కించి ఇచ్చాడు. పుంగనూరు తెచ్చి తగిలిస్తే ఈల వేసి, ట్యూబులైటు మిణుక్కుమని, ప్రోగ్రాము చచ్చింది. ట్యూబులైటు మార్పించింది. స్టార్టరు మార్పించింది. టెలిఫోను వాళ్ళు వచ్చి లైను చూసి, ఇంత మంచి లైను కలెక్టరాఫీసులో కూడా లేదని చెప్పి, గ్లాసుడు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

చివరికి మునిరత్నమే పిలిపించాడు. పలమనేరులో బస్సు మారి, ఒళ్ళో కంప్యూటరుతో కుప్పం చేరింది వరలక్ష్మి. ఆఫీసులో పదిమంది చూస్తుండగా తగిలించారు. మెయిల్ ఇట్టే వెళ్ళింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"మిషను బాగుండాది కదమ్మా. మీ ఊర్లోనే యాల చస్తాండాది?" అన్నాడు మునిరత్నం.

"అదే తెలీడం లేదు సార్."

"నేను చెప్పేది విను. శనివారం సాయంత్రానికి పాల లెక్క మెయిల్లో రావాల. రాకుంటే సోమవారం నుంచి ట్యాంకరు పలమనేరు దాకే వస్తాది. పుంగనూరు సెంటరు ఎత్తేస్తాం. పాలోళ్ళు కావాలంటే పలమనేరులో పోసుకోవచ్చు."

"పలమనేరా సార్? ఒక్కావు ఉండే ముసలామె చెంబుడు పాలు పట్టుకొని రోజూ బస్సెక్కుతాదా?"

మునిరత్నం చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నన్నేం చేయమంటావమ్మా. పైనోళ్ళు అన్ని సెంటర్లనీ ఒకే కంటితో సూస్తాండారు. మెయిలొస్తే సెంటరుండాది, రాకుంటే లేదు."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే రోడ్డుకి రెండు పక్కలా నేల తవుడు రంగులో కనిపించింది. ఒక చోట రైతొకడు మామిడి కొమ్మలు నరికి ఆవులకి వేస్తున్నాడు. ఇంకొంచెం దూరం పోయాక కొమ్మలు కూడా లేవు. వరలక్ష్మి ఒళ్ళోని కంప్యూటరు మీద చేయి వేసి, జ్వరం వచ్చిన పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం రాజేంద్ర తనే బయల్దేరి పుంగనూరు వచ్చాడు. పని చేయని మిషను తన పేరుకి మచ్చ అనుకునే రకం. లోపలికి వస్తూనే తల మీద మబ్బుని చూసి, కొంచెం వంగి దాని కింది నుంచి నడిచి, "చల్లగుండాది అక్కా ఈడ" అని చొక్కా పై గుండీ తీసుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని నొక్కాడు. ఈల. మిణుకు. చావు.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెంబులతో వచ్చి గోడ వారన నిలబడ్డారు. సాయంత్రం పాలు పోయడానికి ఇంకా సమయముంది కానీ, ఇవాళ ఏమవుతుందో ఊరందరికీ తెలుసు. గౌరమ్మ అయితే ఆశ వదులుకునే వచ్చింది.

"ఆవుల బేరగాడు సిద్దప్పకు మాటిచ్చేసినాలే అమ్మీ. సోమవారం సంతకు తోలుకుపోతాడు. గడ్డీ లేదు, ఇంక సెంటరూ లేకపోతే దాన్ని పెట్టుకొని నేనేం జేసుకునేది" అంది. కంఠం గట్టిగానే ఉంది కానీ చెంబు మూతని ఊరికే తిప్పుతోంది.

రాజేంద్ర మరోసారి నొక్కి, ఈసారి తెర మీద కాకుండా పైన చూశాడు. ట్యూబులైటు అసలు వేసి లేదు. పట్టపగలు. మిణుకు మబ్బు కడుపులోంచి వచ్చింది. సన్నటి దారంలా మెరిసి, ఫోను తీగ మీద పడి, డబ్బాలోకి పోయింది.

"మబ్బుండాదని ముందే చెప్పరాదా అక్కా!"

"నువ్వడిగింది కొత్తగా ఏమన్నా పెట్టినారా అని. మబ్బు పాతదే కదప్పా."

రాజేంద్ర నుదురు కొట్టుకున్నాడు. "పెద్ద పిడుగయితే కంప్యూటరే కాలిపోతాది. ఇది పిల్ల పిడుగు. ప్రోగ్రాము ఒక్కటే పోతాండాది. దీన్ని బయటికి తోలేస్తే సరిపాయె."

"తోలేస్తే పాలు విరిగిపోవా? విరిగిన పాలకు మెయిలెందుకు?" అంది మంగమ్మ.

నిజమే. మబ్బు ఉంటే మెయిల్ లేదు, మబ్బు లేకపోతే పాలు లేవు. రాజేంద్ర గడ్డం గోక్కుని, ఈల వినబడకుండా డబ్బా నోరు మూసే ఉపాయం ఒకటి కంప్యూటర్లో కొట్టాడు. ఈల మనుషులకి వినబడలేదు. మబ్బు మాత్రం తీగకి చెవి ఆనించినట్టు వంగి, మళ్ళీ మెరిసింది. మళ్ళీ చావు. డబ్బాని ఖాళీ పాల క్యానులో పెట్టి మూత పెట్టారు. మబ్బు ఆ క్యాను చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"అవతల సర్వరన్నా సరిగ్గుండాదో లేదో" అని విసుగ్గా కంప్యూటరు ఆపేసి, రాజేంద్ర మామూలు ఫోను అందుకుని అదే నంబరు తిప్పాడు. సర్వరు పలికింది. రిసీవర్లోంచి కీచుమని ఈల వచ్చేసరికి చెవి మండి, దాన్ని దూరంగా పట్టుకున్నాడు.

అప్పుడు మబ్బు ఆ క్యానుని వదిలి వచ్చింది. తొందర తొందరగా వచ్చింది. రిసీవరు దగ్గర ఆగి, దానికి తన అంచుని రాసింది. కింద భాగమంతా నల్లబడి, బరువెక్కి, వేలాడింది. చుక్కలు ముత్యాల్లా నిలిచాయి కానీ పడలేదు. రాజేంద్ర ఠక్కున ఫోను పెట్టేశాడు. మబ్బు ఒకసారి వణికి, దిక్కులు చూసి, చిన్నగా మెరిసి, అటక మీదికి పోయింది.

వరలక్ష్మి ఈ సంగతి తను ఎక్కడో చూశానని నిలబడిపోయింది. ఎక్కడో ఏమిటి, రోజూ పొద్దున్నే ప్రతి కొట్టం దగ్గరా చూస్తున్నదే. పాలు పిండేముందు దూడని వదలాలి. దూడ వచ్చి మూతితో పొదుగు కుమ్మి నాలుగు గుక్కలు తాగితేనే ఆవు చేపుతుంది, పాలు కిందికి విడుస్తుంది. అప్పుడు దూడని పక్కకి లాగి కట్టేసి పిండుకుంటారు. దూడ అరుపు విని చేపిన ఆవుని అట్లాగే గాలికి వదిలేస్తే, అది కాలు ఝాడిస్తుంది, చెంబు తన్నేస్తుంది.

"రాజేంద్రా, అది బెదరలేదు. చేపింది" అంది.

"ఏంది?"

"ఎన్నేండ్లాయె, ఈ ఊర్లో ఒక కప్ప అరిచిందా? ఒక నెమలి పలికిందా? దాన్ని ఎవురూ పిలవలేదు. ఇప్పుడు ఈ డబ్బా పిలుస్తాండాది. పిలిచి, అది వచ్చేలోపల నోరు మూసుకుంటాండాది. అందుకే తంతాండాది చెంబును."

గౌరమ్మ చెంబు కింద పెట్టేసింది. "అవునమ్మీ. ముందు వదలాల దాన్ని. తర్వాతే మన పని."

వరలక్ష్మి వెనక కిటికీ రెండు రెక్కలూ తెరిచింది. కిటికీ అవతల క్యాన్లు కడిగే చోటు, దాని పక్కన ఎవరూ పట్టించుకోని పెరడు. ముళ్ళకంప తప్ప ఏమీ లేదు. ఫోనుని తీగ అందినంత దూరం లాగి కిటికీలో పెట్టి, నంబరు తిప్పి, రిసీవరుని చేత్తో పైకెత్తి పట్టుకుంది. ఈల పెరట్లోకి పోయింది. అవతల సర్వరు విసుగెత్తి ఊరుకున్నప్పుడల్లా మళ్ళీ తిప్పింది.

మబ్బు వచ్చింది. ఆమె భుజాన్ని తడుపుతూ కిటికీలోంచి బయటికి దూరింది. దూరేటప్పుడు కాస్త ఇరుక్కుంటే మంగమ్మ రెండు చేతులతో వెనక నుంచి నెట్టింది. పెరటి మీద నిలబడి, ఒకసారి ఒళ్ళు విరుచుకుని, కురిసింది. కుండపోత అంటే అబద్ధం. పరుపంత మబ్బు ఎంత కురుస్తుందో అంతే కురిసింది. కానీ ఆపకుండా, మనసారా కురిసింది. దుమ్ములోంచి వచ్చిన వాసనకి వీధిలో పోయేవాళ్ళు ఆగి తలలు తిప్పారు. బస్టాండులో కదలబోతున్న మదనపల్లె బస్సు కూడా కాసేపు ఆగిందని తర్వాత చెప్పుకున్నారు.

కురవడం అయ్యాక మబ్బు ఉతికి ఆరేసిన పంచెలాగా పలచబడి, కిటికీలోంచి తనే లోపలికి వచ్చి, క్యాన్ల మీద చాచుకుని పడుకుంది.

"ఇప్పుడు నొక్కు" అంది వరలక్ష్మి.

ఆడవాళ్ళు గబగబా పాలు పోశారు. వరలక్ష్మి లెక్క కొట్టింది. రాజేంద్ర పక్కకి జరిగి ఆమెనే నొక్కమన్నాడు. ఈల మొదలయింది. మబ్బు ఒక అంచు మాత్రం లేపి విని, తిరిగి దించేసుకుంది. ఈల ఆగింది. సర్వరు కలిసింది. ప్రోగ్రాము బతికే ఉంది. మెయిల్ పోయింది. ఆ వెంటనే ఇన్నాళ్ళూ అవతల ఆగిపోయిన మెయిళ్ళు ఒకదాని వెనక ఒకటి దిగడం మొదలుపెట్టాయి. అన్నీ మునిరత్నం పంపినవే. మొదటిది, 'మీ మెయిల్ పనిచేయడం లేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాము.'

రాజేంద్ర పగలబడి నవ్వాడు. వరలక్ష్మి నవ్వబోయి, ఎందుకో కుర్చీ వెనక్కి ఆనుకుని కళ్ళు తుడుచుకుంది.

సోమవారం ట్యాంకరు ఎప్పటిలాగే వచ్చింది. సిద్దప్ప కూడా పలుపుతాడు భుజాన వేసుకుని గౌరమ్మ గుమ్మంలోకి వచ్చాడు. "ఇంకొక వారం సూస్తానప్పా" అంది గౌరమ్మ. వచ్చే వారం కూడా అదే మాట అంది. మూడో వారం సిద్దప్ప రాలేదు.

ఎందుకంటే అప్పటికి పెరట్లో గరిక లేచింది. రోజూ సాయంత్రం ముందు మబ్బుని వదలడం, తర్వాత మెయిల్ పంపడం సెంటర్లో అలవాటయిపోయింది. గౌరమ్మ ముళ్ళకంప కొట్టించి గడ్డి దుబ్బులు నాటింది. మంగమ్మ తన ఇంటి పక్కనున్న బీడు కూడా తడపమని అడిగితే, వరలక్ష్మి ఫోను తీగ పొడుగు చేయించింది. రిసీవరు ఎటు తిప్పితే మబ్బు అటు పోయేది. రోజుకొక ఇంటి వెనక. వంతులు వాళ్ళే మాట్లాడుకున్నారు. వంతు తప్పిందని ఒకటి రెండు సార్లు పోట్లాడుకున్నారు కూడా. పొట్టావు నిగనిగలాడింది. గౌరమ్మ చెంబు పోయి చిన్న క్యాను వచ్చింది.

కార్తీకంలో కుప్పం నుంచి మునిరత్నం మెయిల్ ఒకటి వచ్చింది. 'జిల్లాలో కరువు వల్ల అన్ని సెంటర్లలో పాలు తగ్గాయి. మీ సెంటర్లో మాత్రమే పెరిగాయి. కారణం వెంటనే రాయగలరు. పైవాళ్ళు అడుగుతున్నారు.'

వరలక్ష్మి చాలాసేపు ఆలోచించింది. ఎంత ఆలోచించినా చెప్పడానికి పెద్దగా ఏమీ కనిపించలేదు. అంతా ఎప్పుడూ ఉండేదే. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి జవాబు రాసింది.

'మెయిల్ రోజూ పోతాండాది సార్. అందుకే.'

రాసి, పంపేముందు లేచి కిటికీ తెరిచింది. మబ్బు అప్పటికే వచ్చి ఫోను పక్కన కూర్చుని ఉంది.